పెళ్లయిందా?

హిమాయత్‌నగర్ అనగానే చాలామందికి లిబర్టీ పక్కనున్న షాపులు, ఆసుపత్రులే గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆ హిమాయత్‌నగర్ గురించి కాదు. మెహిదీపట్నం దాటి, అప్పా జంక్షన్ దాటి, చేవెళ్ల దారిలో మొయినాబాద్ మండలంలో ఉన్న ఊరి గురించి. ఆ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు, ఫామ్‌హౌస్‌లు, దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే అమ్మాయిలు బోలెడుమంది.

కాలేజీ అమ్మాయిల మీద ఓ ఫీచర్ రాద్దామని ఆ మధ్య అటు వెళ్లాను. ఓ టీ కొట్టు దగ్గర నలుగురు దొరికారు. అందరూ ఫైనలియర్, ఇరవై దాటినవాళ్లే. ముందు ప్లేస్‌మెంట్లు, తర్వాత అమెరికా వీసాలు. కాసేపటికి ఒకమ్మాయి, ‘అక్కా, పేర్లు రాయరు కదా?’ అంది. రాయనన్నాక అసలు కబుర్లు మొదలయ్యాయి.

వాళ్లలో బెరుకు లేదు. ‘ఇద్దరికీ ఇష్టమైతే తప్పేముంది?’ అంది ఒకరు. ‘నాకైతే పెళ్లయ్యాకే’ అంది ఇంకొకరు. వీళ్లు వాళ్లని వెక్కిరించలేదు, వాళ్లు వీళ్లకి నీతులు చెప్పలేదు. మా రోజుల్లో ఇంత మర్యాద లేదు!

‘మరి దేనికి భయం?’ అని అడిగాను. నలుగురూ ఒకటే మాట... ప్రెగ్నెన్సీ. జబ్బుల సంగతి అడిగితే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ‘మావాడు అలాంటోడు కాదక్కా’ అంది మొదటి అమ్మాయి. జబ్బులు ‘అలాంటోళ్ల’కే వస్తాయన్నది ఆమె లెక్క.

ప్రెగ్నెన్సీ భయానికి మందు వాళ్లకి తెలుసు. 2007లో ఐ-పిల్ వచ్చాక టీవీ ప్రకటనల పుణ్యమా అని అత్యవసర మాత్ర సంగతి ఇంటింటికీ తెలిసిపోయింది. 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది ప్రధానంగా అండం విడుదలను వాయిదా వేస్తుంది. అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఏమీ చేయలేదు. జబ్బుల నుంచి కాపాడే శక్తి దానికి అసలే లేదు. ఆ పని చేసేది కండోమే. ఒకమ్మాయి మాత్రం నెలలో మూడుసార్లు ఆ మాత్రే వేసుకుందట. తర్వాత నెలసరి ఆగిపోయింది. ఆ మాత్ర వల్లే నెలసరి అటూఇటూ కావచ్చని ఆమెకెవరూ చెప్పలేదు. ‘అందరూ వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేస్తారక్కా. నేను పీరియడ్ రావాలని చేశా’ అంది. మిగతావాళ్లు నవ్వారు. తను నవ్వలేదు.

మందుల షాపులో దొరికే మూత్ర పరీక్ష కిట్‌తో ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతది. కొనడానికి వెళ్తే షాపతను ఎగాదిగా చూస్తాడని వెళ్లలేదు. ‘పోనీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది’ అన్నాను.

‘వెళ్తే ముందు పెళ్లయిందా అని అడుగుతారు కదక్కా!’

ఈ ప్రశ్న నాకూ తెలుసు. ఇరవై ఏడేళ్లప్పుడు పొత్తికడుపులో నొప్పితో ఓ ఆసుపత్రికి వెళ్లాను. పక్కన అమ్మ. డాక్టరమ్మ తలెత్తకుండానే ‘పెళ్లయిందా?’ అన్నారు. లేదన్నాను. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే’ అని నొప్పి మాత్రలు రాసిచ్చి పంపేశారు. దాచుకోవడానికేమీ లేని నాకే ఆ రోజు ఇంకో మాట మాట్లాడే సందు దొరకలేదు. చెప్పుకోవాల్సింది ఉన్న పిల్ల సంగతేంటి?

నిజానికి ఆ ప్రశ్న మన మర్యాద. అసలడగాల్సింది నోటికి రాక దాని బదులు దీన్ని అడుగుతాం. కానీ ‘లేదు’ అనగానే సగం పరీక్షలు పక్కకెళ్లిపోతాయి. క్లమీడియా లాంటి ఇన్‌ఫెక్షన్ చాలామంది ఆడవాళ్లలో ఏ లక్షణమూ చూపించదు. లోలోపల ట్యూబులను దెబ్బతీసి, ఏళ్ల తర్వాత పిల్లలు పుట్టడంలేదని వెళ్లినప్పుడు బయటపడొచ్చు.

పోనీ ‘అయింది’ అంటే? అప్పుడూ ఇంకేమీ అడగరు. 2000 తర్వాతి ఏళ్లలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ఎందరో ఇల్లాళ్లకు ఆ సంగతి గర్భిణిగా చేయించుకున్న పరీక్షల్లోనే తెలిసింది. భర్త తప్ప మరో మగవాడి మొహం ఎరగనివాళ్లు వాళ్లలో ఎంతమందో. ‘మావాడు అలాంటోడు కాదు’ అని వాళ్లూ అనుకున్నవాళ్లే.

చట్టం ఈ మధ్య కాస్త మారింది. గర్భస్రావ చట్టంలో 2021 సవరణ ‘భర్త’తో పాటు ‘భాగస్వామి’ని కూడా దృష్టిలో పెట్టుకుంది. పెళ్లికాని అమ్మాయిలకూ ఆ చట్టం సమానంగా వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండిన అమ్మాయికి తన సమ్మతి చాలు, ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. ఈ సంగతి ఆ నలుగురిలో ఒక్కరికీ తెలియదు. మా అమ్మ తరంవాళ్లు స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం జవాబులను దిండు కింద దాచుకుని చదివారు. వీళ్ల చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అయినా తెలియదు.

నాకు తెలిసిన ఓ డాక్టరమ్మ ‘పెళ్లయిందా’ అని అడగడం మానేశారు. ‘ఎవరితోనైనా కలిశావా? చెప్పాలనిపిస్తేనే చెప్పు. నువ్వు చెప్పింది ఈ గది దాటదు’ అంటారు. అడగడం కష్టం కాదట. పక్కనున్న తల్లిని లేపి బయటికి పంపడమే కష్టమట. ‘నా కూతురు నా దగ్గర ఏదీ దాచదండీ’ అంటూ కదలరట కొందరు. ఇంకొందరు వెళ్తారు కానీ తలుపు దగ్గరే నిలబడతారట. అందుకని ఆవిడ వరండా చివర, ఫ్యాన్ కింద, తల్లుల కోసమే ఓ కుర్చీ వేయించారు.