గురువు సమ్మతింపని గ్రంథము

అర్థశాస్త్రమున లెక్కలొక్కటే యైనను తీర్పులు వేరగుచుండును. ఏలయన ఆ తీర్పుల వెనుక రాజకీయాభిప్రాయములు నిలిచియుండును. గురుశిష్యులే భిన్నాభిప్రాయులైనచో అట్టి శాస్త్రమున విద్య యెట్లు సాగును?

భీమరావ్ అంబేద్కరు 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సున చేరిరి. విద్యార్థివేతనపు గడువు తీరుటచే మరుసటి యేట స్వదేశమునకు మరలి, 1920లో తిరిగి వెళ్లి చదువు కొనసాగించిరి. ఆయన పరిశోధించిన విషయము రూపాయి. భారతదేశమున ఆంగ్ల ప్రభుత్వ మవలంబించిన స్వర్ణ వినిమయ ప్రమాణమును కీన్సు 1913లోనే తమ గ్రంథమున సమర్థించియుండిరి. రూపాయలను ఇచ్ఛానుసారముగా పెంచు అధికారము పాలకుల చేతనుండుట వలన ధరలు పెరుగుననియు, కూలివాని సంపాదన విలువ తరుగుననియు అంబేద్కరు వాదము.

ఆ సిద్ధాంతవ్యాసము 1923లో గ్రంథరూపమున వెలువడినపుడు పీఠిక వ్రాసినవారు ఆయన ఆచార్యులు ఎడ్విన్ కానన్. ఆ పద్ధతిపై తమకు శిష్యునకున్నంత వైరము లేదనియు, అతని వాదములలో పెక్కింటిని అంగీకరింపజాలమనియు ఆ పీఠికలోనే స్పష్టపఱచిరి. అయినను ఆ ఆలోచనలలోని నవ్యతను మెచ్చిరి. ఆచరణ విషయమున మాత్రము శిష్యుని నిర్ణయమే సరియైనదిగా తోచుచున్నదనిరి.

తన వాదమును కాదనిన మాటలను గ్రంథారంభముననే నిలుపుకొనుటకు శిష్యుడు వెనుదీయలేదు. సమ్మతి లేనిచోటను పీఠిక వ్రాయుటకు గురువు సంకోచింపలేదు. అభిప్రాయైక్యమును గాక వాదబలమును తూచుటయే విద్యాపీఠముల ధర్మమని ఆ కొలది పుటలు నేటికిని తెలుపుచున్నవి.