అవ్వ వయసెంత?



పోయిన నెల మా అవ్వకు ఛాతీ నొప్పి వచ్చింది. స్టెంట్ వేయాలన్నారు. ఆసుపత్రి కౌంటర్లో మొదటి ప్రశ్న: "కార్డుందా?"

మేం అన్నదమ్ములం వేరుపడ్డప్పుడు రేషన్ కార్డులూ విడిపోయాయి. అవ్వ పేరు ఏ కార్డులోకీ ఎక్కలేదు. పేరు లేకపోతే ఆరోగ్యశ్రీ లేదు. ఊరూరా హక్కుల గురించి మాట్లాడే నేను, మా అవ్వ పేరు ఎక్కడుందో ఒక్కసారీ చూడలేదు.

ఇంకో దారి ఉంది కదా అనుకున్నాను. 2024 అక్టోబర్ 29 నుంచి కేంద్రం 70 ఏళ్లు నిండినవాళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఆధార్ ఉంటే చాలు.

ఆ ఆధారే అడ్డం పడింది. అందులో అవ్వ పుట్టింది 1961లో. "ఇంకా ఆరేండ్లు ఆగాలె అవ్వా" అన్నాడు కంప్యూటర్ ముందున్న పిల్లగాడు.

అవ్వ నవ్వింది. "అరవై తొమ్మిదిల జై తెలంగాణ లొల్లి నడిచినప్పుడు నా పెద్దబిడ్డ పుట్టింది. నేను ఎనిమిదేండ్లకే కన్ననా బిడ్డా?"

బడి మెట్టెక్కని మనిషి పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు? దొర కొట్టంలో పుట్టిన దూడకు లెక్క ఉండేది. మా వాడలో పుట్టిన బిడ్డకు లేదు. ఆధార్ తీసిననాడు ఎవరో ముఖం చూసి ఒక అంకె వేశారు. ఇప్పుడు మార్చాలంటే పుట్టిన తేదీ పత్రం తెమ్మంటున్నారు. అది లేకనే కదా అంకె తప్పు పడింది!

స్టెంట్ అప్పు చేసి వేయించాం. ఆ తర్వాత అవ్వ పేరు నా కార్డులో ఎక్కించమని దరఖాస్తు పెట్టాను. ఆ పని పదేళ్ల కిందే చేయాల్సింది.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ముసలోళ్ల కాగితాలు తీయండి. రేషన్ కార్డులో పేరుందా? ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది, వయసుతో పనిలేదు. ఆధార్‌లో 70 నిండాయా? వయ వందన తీయించండి. కలుపు తీసి, పత్తి ఏరి వేలిముద్రలు అరిగిపోయుంటే ఆయుష్మాన్ యాప్‌లో ముఖం చూపించినా నడుస్తుంది. సందేహముంటే 14555కు ఫోన్ చేయండి. అయితే ఇవి ఆసుపత్రిలో చేరితే అక్కరకొచ్చేవి. రోజూ వేసుకునే బీపీ మాత్రలకు సర్కారు దవాఖానే దిక్కు.

వయసు తప్పుంటే మాత్రం జబ్బు రాకముందే కదలండి. మా అవ్వ వయసు వాడంతటికీ తెలుసు. కాగితానికే తెలియదు. ఆ కాగితానికి చెప్పాల్సింది చదువుకున్న మనమే.

జై భీమ్.