నల్లరేగడి దారిలో వెనుక పట్టా

తుంగభద్ర ఎడమకాలువ వెంట ప్రయాణం చేసేవారికి నేల మారడం కూర్చున్న చోటినుండే తెలుస్తుంది. మునిరాబాదు ఆనకట్ట దాటి గంగావతి చేరేవరకు గుట్టలు, గుండ్రాళ్లు, వాటి నడుమ ఎర్రనేల. గంగావతి దాటి శ్రీరామనగరం, సిద్ధాపురం, కారటగి మీదుగా సింధనూరు వైపు సాగేకొద్దీ గుట్టలు వెనుకబడతాయి, నేల నల్లబడుతుంది. ఎర్రమట్టి బురద ఆరిన తరువాత చేత్తో దులిపితే రాలిపోతుంది. నల్లరేగడి అలా కాదు. కన్నడిగులు ఎరె మణ్ణు అని పిలిచే ఈ మన్ను వేసవిలో నెర్రెలు విచ్చి, నాలుగు వానలు పడగానే ఉబ్బి బంకగా మారుతుంది. నీటిని పీల్చుకొని ఉబ్బే సన్నని జిగట మన్ను ఇందులో హెచ్చుగా ఉండటమే ఇందుకు కారణం. పైరుకు అది వరం. చక్రానికి మాత్రం పెద్ద శత్రువు.

ఈ నేలతో మనవాళ్లకు పరిచయం నిన్న మొన్నటిది కాదు. 1945లో మొదలుపెట్టిన ఆనకట్ట 1953 నాటికి పూర్తయింది. అప్పటికి ఈ ఎడమగట్టు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. నీరు వస్తున్నదని విని కృష్ణా, గోదావరి జిల్లాల నుండి తరలి వచ్చిన రైతులు గుడిసెలు వేసుకున్న చోట్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మేడలు లేచినా ఆ పేరు పోలేదు. ఆ రోజుల్లో ధాన్యమైనా ఎరువైనా ఎద్దుబండి మీదనే. ఎద్దుబండి బురదలో దిగబడేదే గాని, బురదను తీసి ఎవరి ముఖానా కొట్టేది కాదు. ఈనాడు ఆ పని పికప్పు బండ్లకు వచ్చింది. నారుకట్టలు, ఎరువు బస్తాలు, పాలడబ్బాలు, పురుగుమందు డబ్బాలు అన్నీ వాటి మీదనే. బండి వేగం పెరిగింది. దానితోపాటే బురద ఎగిరే దూరమూ పెరిగింది.

మేము ఈ దారిలో వెళ్లింది నాట్ల కాలంలో. పొలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఒడ్డెక్కి తారురోడ్డు మీదికి రాగానే చక్రాలనుండి మట్టిపెళ్లలు రాలుతూ పోతాయి. వాటి మీద వాన కురిస్తే తారురోడ్డే చిన్న మడి అవుతుంది. ఆ మట్టిని పికప్పు చక్రం ఎత్తుకుంటుంది. పది కిలోమీటర్లు పోయేసరికి వెనుక తలుపు ఏ రంగుదో, బండి నెంబరు ఏమిటో, దీపం ఎక్కడ ఉందో తెలియదు. అందుచేత దారిలో ఆగిన ప్రతి టీకొట్టు దగ్గరా నిలిపి ఉన్న బండ్ల వెనుక భాగాలను చూడటం మాకు ఒక వినోదమయింది. ఎవరి తెలివి వారిది. ఏ రెండు బండ్ల పట్టాలూ ఒక్కలాగా లేవు.

అందరికంటె సులభమైన ఉపాయం గోనెసంచి. రెండుగా మడిచి చక్రం వెనుక తీగతో కట్టేస్తారు. ఖర్చు లేదు, అయితే ఆయుష్షూ లేదు. నీళ్లు తాగి బరువెక్కి, తీగ తెంపుకొని చక్రానికి చుట్టుకుంటుంది. రెండవది పాత ట్యూబు ముక్క. అది చిరగదు గాని మరీ మెత్తన. బండి వేగం అందుకోగానే గాలికి వెనక్కు తేలిపోతుంది, బురద దాని కిందుగా దర్జాగా వెళ్లిపోతుంది. అలా తేలకుండా కొందరు అడుగున ఇనుపపట్టీ బిగించారు. అది ఊడి రోడ్డు మీద పడితే వెనుక వచ్చేవాడి టైరుకో కాలికో ముప్పు. మూడవది నీలిరంగు ప్లాస్టిక్కు డ్రమ్మును నిలువునా కోసిన ముక్క. చక్రం పైభాగాన లోపలి కప్పుగా దాని వంపు చక్కగా అమరుతుంది. క్రింద వేలాడదీస్తే మాత్రం గట్టుకు తగిలి పగులుతుంది. బురద అంటకుండా వెనుక తలుపుకు వాడేసిన ఇంజనాయిలు పూసేవారూ కనిపించారు. వాన వెలిశాక దుమ్మంతా దానికే పట్టుకుంటుంది, చినుకు పడితే ఆ నూనె జారి కాలువలో కలుస్తుంది. ఆ కాలువనీరే దిగువ ఊళ్లవారు తాగుతారు. ఈ ఉపాయం మానడమే మంచిది.

మాకు అన్నింటికంటె నచ్చింది కారటగి దగ్గర ఒక క్యాంపు కుర్రవాడు అమర్చిన మిల్లుపట్టా. ఈ ప్రాంతంలో బియ్యపు మిల్లులకు కొదువ లేదు. ధాన్యాన్ని పైకి ఎత్తే పట్టాలు అరిగినప్పుడు మిల్లువారు మార్చేస్తారు. రబ్బరు పొరల మధ్య గుడ్డ ఉండే ఆ పట్టా గాలికి తేలదు, రాయి తగిలినా పగలదు. ఆ కుర్రవాడు కత్తికి సబ్బునీళ్లు తడుపుతూ దాన్ని కోశాడట. పొడి కత్తికి రబ్బరు లొంగదు.

"కొలత బండి ఖాళీగా ఉన్నప్పుడు తీయకూడదు బాబాయిగారూ. బస్తాలు వేశాక కమానులు కుంగుతాయి గదా! అప్పుడు చూసుకోవాలి" అన్నాడు.

అతడు చెప్పిన కొలతలివి. వెడల్పు టైరుకంటె రెండువైపులా అంగుళం చొప్పున ఎక్కువ. బరువు వేసిన బండికి పట్టా అంచు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. అంతకంటె దిగితే బండి వెనక్కు నడిపేటప్పుడు చక్రం దాన్ని తొక్కి పీకేస్తుంది. పైన ఒక్క బోల్టు వేస్తే రబ్బరు అక్కడే చీలుతుంది. ఇనుపపట్టీని అడ్డంగా పెట్టి, వెడల్పాటి వాషర్లతో మూడు బోల్టులు బిగించాలి. గట్లమీద వెనక్కు తిప్పవలసి వచ్చినప్పుడు పట్టాను పైకెత్తి తగిలించడానికి ఒక గొలుసు, కొక్కెం.

అన్నిటికంటె ముఖ్యమైనది టైరుకూ పట్టాకూ మధ్య ఎడం. అది బెత్తెడు కంటె తగ్గకూడదు. నల్లరేగడిలో సైకిలు తొక్కినవారికి ఇది చెప్పనక్కరలేదు. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య మన్ను కూరుకుపోయి చక్రం బిగుసుకుంటుంది. సైకిలును భుజాన వేసుకొని ఇల్లు చేరవలసి వస్తుంది. అందుకే పల్లెల్లో చాలామంది వానాకాలం రాగానే మడ్‌గార్డులు విప్పి అటక మీద పెడతారు. బురదను ఆపడం ఎంత అవసరమో, ఆగిన బురద రాలిపోవడానికి చోటు ఇవ్వడమూ అంతే అవసరం.

ఇంత శ్రమపడినా వెనుక తలుపు పూర్తిగా శుభ్రంగా ఉండదు. ఎందుకంటే బురద రెండు దారుల్లో వస్తుంది. పెళ్లలు చక్రం విసిరితే ఎగురుతాయి. వాటిని పట్టా ఆపుతుంది. సన్నని బురదనీటి తుంపర మాత్రం వేరు. పెట్టెలాంటి బండి గాలిని చీల్చుకొని పోయేటప్పుడు దాని వెనుక ఒక ఖాళీ ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న గాలి సుడి తిరుగుతూ అక్కడికి చొరబడి, తుంపరను తెచ్చి తలుపుకు పూస్తుంది. దీనిని ఏ రబ్బరూ ఆపలేదు. వేగం తగ్గించడమే దీనికి మందు. పెళ్లల సంగతీ అంతే. వేగం రెండింతలైతే చక్రం విసిరే బలం నాలుగింతలవుతుంది.

తలుపు మాసితే మాసింది, ఇంటికి వెళ్లి కడుక్కోవచ్చునని కొందరు అనవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అనే సామెత మన పొలాల వారికి వర్తించదు. అడుసు తొక్కనిదే అన్నం లేదు. కాని మన అడుసు మన కాలికే ఉండాలి. ఆ కుర్రవాడు పట్టా వేసింది బండి అందం కోసం కాదు. ఒకనాటి సాయంత్రం మోటారుసైకిలు మీద బిడ్డను ముందు కూర్చోబెట్టుకొని వస్తున్న ఒకాయన ఇతని బండి వెనుక చిక్కుకున్నాడు. మట్టిపెడ్డ వెళ్లి ఆయన కంటికి తగిలింది. అదృష్టవశాత్తు బండి పక్కకు ఒరిగిందే గాని పడలేదు. ఆయన తిట్టలేదట. ముందుకు వచ్చి, ముఖం తుడుచుకొని, "స్వల్ప నిధాన, అణ్ణా" అని మాత్రం అని వెళ్లిపోయాడట.

"నాలుగు తిట్లు తిట్టినా మరిచిపోదును బాబాయిగారూ, ఆ మాట మరుపు రావడంలేదు" అన్నాడు కుర్రవాడు. మిల్లుకు వెళ్లి పట్టా అడిగింది ఆ మరునాడే.

చట్టమూ ఈ విషయంలో వెనుకవానినే తలచుకున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రాత్రివేళ వెనుక ఎర్రదీపం 155 మీటర్ల దూరం నుండి, వెనుక నెంబరు 15 మీటర్ల దూరం నుండి కనబడాలి. బురద పూసుకున్న దీపం వెలిగినా ఆరినా ఒక్కటే. అందుచేత పట్టా ఎంత గట్టిదైనా, పొలం దాటి రోడ్డెక్కేముందు బండి ఆపి రెండు పనులు చేయాలి. పారతో చక్రాల మట్టి గీకివేయడం ఒకటి. తడిగుడ్డతో దీపాలు, నెంబరు తుడవడం రెండవది. ట్రాక్టరు నడిపేవారు మొదటి పని తప్పకుండా చేస్తే తక్కినవారికి సగం బాధ తీరుతుంది. కాలువ గట్టున ఒక సీసానిండా నీళ్లు, ఒక పాతగుడ్డ సీటు కింద పెట్టుకుంటే చాలు. ఐదు నిమిషాల పని.

ఆ కుర్రవాడి పట్టాల మీద తెల్లరంగుతో కన్నడ అక్షరాలు రాసి ఉన్నాయి. కూడబలుక్కొని చదివాము. "నిధానవే ప్రధాన". మన ఇళ్లలో పెద్దలు చెప్పే నిదానమే ప్రధానమన్న మాటే అది. కుడివైపు పట్టామీద రంగు కొంచెం చెదిరింది, అయినా చదవవచ్చు. వానాకాలం పోయాక మళ్లీ రాయిస్తానని చెప్పి, అతడు సింధనూరు బజారుకు నారుకట్టలతో బయలుదేరాడు. మా బండి అతని వెనుకనే చాలా దూరం వెళ్లింది. మా అద్దం మీద సన్నని తుంపర పడింది గాని, ఒక్క పెడ్డ కూడా పడలేదు.