వియ్యంకులు... రెండు తీగలు

వియ్యాలవారి మధ్య మాటపట్టింపులు మర్యాదల దగ్గర వస్తాయంటారు. విజయవాడలో ఓ ఇద్దరు వియ్యంకుల ఇళ్ల మధ్య 2008లో అవి ఇంటర్నెట్ స్పీడు దగ్గర వచ్చాయి.

అబ్బాయి తండ్రి రిటైరైన లెక్కల మాస్టారు. అమ్మాయి తండ్రి బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇద్దరికీ కలిపి ఒక్కతే మనవరాలు. మూడేళ్లది. న్యూజెర్సీలో ఉండేది. వారానికోసారి స్కైప్‌లో కనిపించేది. మాస్టారింట్లో ఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్. బ్యాంకు ఆయన ఇంట్లో టీవీ కేబుల్ మీద వచ్చేది. కాగితం మీద రెండూ ఒకటే... 2 మెగాబిట్లు.

కానీ ఆ ఇంట్లో పాప గంటసేపు పాటలు పాడేది. ఈ ఇంట్లో పది నిమిషాలకే బొమ్మ బిగుసుకుపోయేది. ‘తాతయ్యా, నువ్వెందుకు కదలట్లేదు?’ అని పాప అడిగేది. ‘లైన్ బాలేదు మావయ్యగారూ, మళ్లీ చేస్తాం’ అంటూ కోడలు పెట్టేసేది.

మాస్టారి భార్యకు అది ముల్లులా గుచ్చుకుంది. ‘పుట్టింటివాళ్లతో గంట. మనతో పది నిమిషాలు. పైగా లైన్ మీద నెపం!’ అనేది. ఆ ఏడు దసరాకి వియ్యపురాలు పిలిచినా వెళ్లలేదు. మాట పెరిగితే ఎక్కడిదాకా పోతుందోనని మగవాళ్లిద్దరికీ బెంగ పట్టుకుంది.

వేళలు మార్చి చూశారు

మాస్టారింటికి కాల్ శనివారం సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. అమెరికాలో అప్పుడు పొద్దున్న తొమ్మిది. బ్యాంకు ఆయన ఇంటికి ఆదివారం తెల్లవారి ఆరున్నరకు. అక్కడ శనివారం రాత్రి తొమ్మిది, పాప పడుకునే ముందన్నమాట.

‘బావగారూ, ఒక్క వారం వేళలు మార్చుకుందాం. అప్పుడు తేలిపోతుంది’ అన్నారు బ్యాంకు ఆయన.

తేలింది. శనివారం సాయంత్రం కేబుల్ ఇంట్లో పాప మొహం గళ్లుగళ్లుగా విడిపోయింది. మాట ముక్కలైంది. ఆదివారం పొద్దున మాస్టారింట్లో మాత్రం ఎప్పటిలాగే పది నిమిషాలకు బొమ్మ ఆగింది. లెక్కల మాస్టారికి ఇంకేం కావాలి? ‘మీ తీగకి సాయంత్రం పూట జ్వరం బావగారూ. మా తీగకి మూడు పూటలా నీరసం’ అని తేల్చేశారు.

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లూ నిజం.

ఫోన్ తీగ బలహీనత దూరం

ఇంటికి వచ్చే ఫోన్ తీగ అంటే ఒకదానికొకటి మెలివేసిన రెండు రాగి తీగలు. గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మనిషి మాటకు 4 కిలోహెర్ట్జ్‌ల లోపు చాలు. ఆ పైనున్న ఖాళీ జాగాలో డేటా పంపడమే ఏడీఎస్ఎల్ చేసే పని. సుమారు 25 కిలోహెర్ట్జ్‌ల నుంచి 1.1 మెగాహెర్ట్జ్‌ల దాకా అది వాడుకుంటుంది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్ 2 ప్లస్ 2.2 దాకా వెళ్తుంది. అందుకే నెట్ నడుస్తుండగానే ఫోన్లో మాట్లాడుకోవచ్చు.

ఇక్కడే చిక్కుంది. రాగిలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సంకేతం త్వరగా నీరసిస్తుంది. మోడెమ్ తన దారిని సుమారు 4.3 కిలోహెర్ట్జ్‌ల చిన్నచిన్న కాలువలుగా విడగొట్టి, కనెక్టయ్యేటప్పుడు ఒక్కోదాన్నీ పరీక్షిస్తుంది. బాగున్నదాంట్లో ఎక్కువ నింపుతుంది. బాగాలేనిదాన్ని వదిలేస్తుంది. దూరం పెరిగేకొద్దీ పై కాలువలన్నీ ఎండిపోతూ వస్తాయి. ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌కి 24 మెగాబిట్లని పేరేగానీ, అది ఎక్స్ఛేంజీ పక్కింటివాళ్ల భాగ్యం. 5 కిలోమీటర్లు దాటితే ఒకటో రెండో రావడమే గొప్ప. ఆ దూరం కూడా కాకి ఎగిరే దూరం కాదు. తీగ సందుసందూ తిరిగి వచ్చే దూరం.

దూరానికి తోడు జాయింట్లు. వానకు తడిసి పచ్చగా చిలుము పట్టిన ఒక్క జాయింటు చాలు, మాట వినిపిస్తూనే ఉన్నా నెట్ కుంటడానికి. ఒకే కట్టలో వెళ్లే పొరుగు జంటల సంకేతాలు మన తీగలోకి తొంగిచూడటం మరో బెడద.

కేబుల్ బలహీనత పొరుగు

టీవీ కేబుల్ నిర్మాణమే వేరు. నడుమ రాగి, చుట్టూ లోహపు తొడుగు. బయటి గోల లోపలికి తేలిగ్గా రాదు. వందల మెగాహెర్ట్జ్‌లు మోస్తుంది. దారిలో ఆంప్లిఫయర్లు ఊపిరి పోస్తుంటాయి కనుక దూరం అంతగా బాధించదు. ఒక్క టీవీ చానల్ పట్టే 6 మెగాహెర్ట్జ్‌ల జాగాలో డాక్సిస్ 2.0 పద్ధతిన సుమారు 38 మెగాబిట్లు దింపవచ్చు.

అయితే అది ఒక్క ఇంటికి కాదు, వీధికంతటికీ. ఒక నోడు కింద వందల ఇళ్లు ఉండొచ్చు. తెల్లవారి వీధి నిద్రలో ఉన్నప్పుడు బ్యాంకు ఆయనది రాజమార్గం. సాయంత్రం పిల్లలంతా డౌన్‌లోడ్లకు కూర్చుంటే అదే రోడ్డు బెంజి సర్కిలైపోయేది. ఇళ్ల నుంచి బయటికి వెళ్లే దారి మరీ ఇరుకు. ఎవరింట్లో కనెక్టర్ వదులైనా, ఆ గోలంతా అందరూ వాడే ఆ దారిలోకే చేరుతుంది.

ఫోన్ తీగ మాత్రం ఎవరిది వారిదే. ఎక్స్ఛేంజీ దాకా వాటాదారుల్లేరు. ఆ తర్వాత దారి అందరిదీ ఒకటే కనుక రద్దీ అక్కడా ఉండొచ్చు.

మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉండేది. చాలా వీధుల్లో ‘కేబుల్ నెట్’ అన్నది అసలు టీవీ కేబులే కాదు. స్తంభాల మీదుగా, డాబాల మీదుగా లాగిన ల్యాన్ వైరు. అది ఒక దూకులో 100 మీటర్లే పోతుంది. ఆపైన పెట్టెలో స్విచ్ పెట్టాలి. ఆ పెట్టెకు కరెంటు పోతే, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా నెట్ ఉండేది కాదు.

పడకగదిలో దొంగ

మాస్టారి ఇంటికి లైన్‌మన్ వచ్చాడు. మోడెమ్ పేజీ తెరిచి చూస్తే, గోలను మించి సంకేతానికి మిగిలిన మార్జిన్ 5 డెసిబెల్సే. కనీసం 6 లేకపోతే లైన్ తెగుతూ అతుకుతూ ఉంటుంది.

‘మాస్టారూ, ఇంట్లో ఇంకో ఫోనుందా?’

పడకగదిలో ఉంది. ఎప్పుడో లాగించుకున్న ఎక్స్‌టెన్షన్. స్ప్లిటర్ లేకుండా నేరుగా తీగకే తగిలించి ఉంది. స్ప్లిటర్ పని మాటనూ డేటానూ విడదీయడం. అది లేని ఫోను డేటాను తినేస్తుంది, గోలను కలిపేస్తుంది. లైన్‌మన్ దాన్ని స్ప్లిటర్ వెనక్కి మార్చాడు. స్తంభం దగ్గర చిలుము పట్టిన జాయింటు కోసి కొత్తగా వేశాడు. మార్జిన్ 11కి చేరింది.

మిగిలింది పాప ప్రశ్న... తాతయ్య ఎందుకు కదలడు? ఏడీఎస్ఎల్‌లో ‘ఏ’ అంటే అసమానం. రావడానికి పెద్ద దారి, పోవడానికి చిన్న దారి. మనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువని అలా పెట్టారు. తాతయ్య బొమ్మ అమెరికా వెళ్లాల్సింది ఆ చిన్న దారిలోనే. మాట్లాడేటప్పుడు పక్కన ఫొటోలు పంపడం మానేశాక తాతయ్య కూడా కదిలారు. బ్యాంకు ఆయన మళ్లీ పొద్దుటి వేళకే మారిపోయారు. ఆ సంక్రాంతికి వియ్యపురాళ్లిద్దరూ ఒకే వంటింట్లో అరిసెలు వండారు.

ఇప్పుడేం మారింది?

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2004 విధానం ప్రకారం 256 కిలోబిట్లు చాలు. 2013లో అది 512 అయింది. 2023లో 2 మెగాబిట్లు. ఆ స్కైప్ 2025 మేలో మూతపడింది. ఫైబర్ వచ్చాక నగరాల్లో దూరం బాధ దాదాపు పోయింది. వాటా మాత్రం పోలేదు. జీపాన్ పద్ధతిలో సుమారు రెండున్నర గిగాబిట్ల దారిని 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. దారి పెద్దది కనుక తెలియడం లేదు, అంతే.

ఫిర్యాదు చేసేముందు ఇప్పటికీ మూడు పనులు చేయండి. వైఫై వదిలి వైరుతో మోడెమ్‌కే కలిపి చూడండి. పొద్దునా రాత్రీ విడివిడిగా కొలవండి. కాగితం మీద ఉండేది మెగాబిట్లనీ, డౌన్‌లోడ్‌లో కనిపించేది సాధారణంగా మెగాబైట్లనీ, ఎనిమిది బిట్లయితేనే ఒక బైటనీ గుర్తుంచుకోండి. రోజంతా ఒకేలా మందంగా ఉంటే తీగనో, ఇంట్లో వైరింగునో అనుమానించండి. సాయంత్రాలే మందమైతే రద్దీని.

మాస్టారి మనవరాలు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఫోన్లో అద్దంలా కనిపిస్తుంది, కానీ నెలకోసారే. ‘చదువు ఎక్కువైంది తాతయ్యా’ అంటుంది. కాదనడానికి ఆయన దగ్గర కొలిచే మార్జిన్ ఏదీ లేదు. ఫోన్ మోగినప్పుడు మాత్రం మొదటి రింగుకే ఎత్తుతారు.