హొరణ బస్సులో కేయస్

కొలంబో, మంగళవారం

బాబాయ్ గారికి నమస్కారాలు.

నిన్న మరదాన దగ్గర పాతపుస్తకాల కొట్లలో పడ్డాను. సింహళ అక్షరాలు గుండ్రంగా మనవాటి చుట్టాల్లా కనిపిస్తాయి, పలకరిస్తే మాత్రం ఒక్కటీ పలకదు. కొట్టాయన నా చేతిలో పెట్టిన పుస్తకం కేయస్‌ది. అసలు పేరు సాగర పలన్సూరియ. ఒకప్పుడు భిక్షువు. చీవరం, అంటే భిక్షువుల కాషాయబట్ట, వదిలాడు, కవి అయ్యాడు, 1956లో హొరణ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. పద్యాలు రాసి, వార్డు మెంబరుగా ఓడిన మీరు గుర్తొచ్చారు. కోప్పడకండి.

ఈయన్ని ‘కొలంబో కవులు’ అనే గుంపులో చేరుస్తారు. మీమన ప్రేమతిలక, పి.బి. అల్విస్ పెరేరా కూడా అందులోవాళ్ళే. ఉంటున్నది పట్నంలో, బెంగ పల్లె మీద. వీళ్ళది నాలుగు పాదాల పద్యం. మన ప్రాస రెండో అక్షరం మీద పడుతుంది కదా, వీళ్ళకు పాదం చివర, నాలుగింటికీ ఒకటే. కేయస్ పద్యం ‘సుదో సుదు’ అందుకే నోటికి పట్టేస్తుందట. ఆయన సభకు వెళ్ళిన 1956లోనే సిరి గుణసింహ వచన కవితల సంపుటి వచ్చింది. ఆ దారి వాళ్ళకు ఈ ప్రాసల బెంగ పాతచింతకాయ పచ్చడి. మన దగ్గరా ఇదే తగువుగా!

హొరణ, గురువారం

పొద్దున్నే 120 నంబరు బస్సెక్కాను. పిలియందల దాటి కొంతదూరం పోయాక రబ్బరు తోటలు మొదలయ్యాయి.

ఇక్కడ పిరివెనలో, అంటే భిక్షువుల పాఠశాలలో, ఒక పెద్దాయనతో మాట కలిసింది. మాది నాగార్జునకొండ వైపు అనగానే ఆయన ముఖం వికసించింది. అక్కడి శాసనంలో సింహళ విహారం పేరుందని ఆయనకు తెలుసు. కేయస్‌ను నేను ‘భ్రష్టుడైన సన్యాసి’ అనేశాను. ఆయన నొచ్చుకున్నారు. ‘వినయం’ అనే భిక్షువుల నియమావళి ప్రకారం, అర్థం తెలిసినవాడి ఎదుట ‘శిక్షను (ఆ నియమాలను) విడుస్తున్నాను’ అని చెప్పి ఇంటికి పోవచ్చు, కావాలంటే మళ్ళీ చేరవచ్చు. అందులో పతనమేం లేదు. ఊళ్ళో జనం మాత్రం అలాంటివాణ్ణి ‘హీరళువా’ అని వెక్కిరిస్తారట, అది వేరే సంగతి.

1956 ఎన్నికల్లో భిక్షువులు, నాటువైద్యులు, బడిపంతుళ్ళు, రైతులు, కూలీలు ‘పంచ మహాబలాలు’గా తర్వాత ప్రధాని అయిన బండారనాయకే వెనక నిలిచారు. భిక్షువులు రాజకీయాల్లోకి రావచ్చని విద్యాలంకార పిరివెన పదేళ్ళ ముందే ప్రకటించింది. అయినా చీవరంతో తొలి భిక్షువు పార్లమెంటుకు ఎన్నికైంది 2001లోనే. ఆ రోజుల్లో కాషాయం ఓట్లడిగేది, కుర్చీ మాత్రం తెల్లబట్టలది. బండారనాయకే పక్షాన గెలిచిన కేయస్ అప్పటికే బట్ట మార్చినవాడు.

కానీ ఆ గెలుపు నాకు మింగుడుపడలేదు. ఆ ఏడే సింహళమొక్కటే అధికారభాష అన్న చట్టం వచ్చింది, రెండేళ్ళకు తమిళుల మీద దాడులు, ఆ మరుసటేడు ఒక భిక్షువు తుపాకీకి బండారనాయకే బలి. మాతృభాష మీద ప్రేమ పద్యంలో ఉన్నంత మెత్తగా చట్టంలో ఉండదు. కవిగా కేయస్‌ను చదువుతాను. ఆ గెలుపును మాత్రం మెచ్చుకోలేను.

పుస్తకం మీకోసం కొన్నాను, చదివిపెట్టేవాణ్ణి మీరే వెతుక్కోవాలి. పిన్నికి దాల్చినచెక్క అరకిలో. ఆదివారం రాత్రికి చెన్నైలో దిగుతాను.

మీ
రాము