ధనుష్కోడి దారిలో ఉప్పుగాలి

మధుర నుంచి రామేశ్వరము సుమారు 170 కిలోమీటర్లు. మానామధుర, పరమకుడి, రామనాథపురము దాటి మండపము సమీపించేసరికి గాలి మారిపోతుంది. పెదవి తడిపి చూచుకొంటే ఉప్పన. ఇంట ఏ శుభకార్యము ముగిసినా రామేశ్వరము పోయివచ్చుట మన కుటుంబములలో పెద్దలనాటి వాడుక. ఇదివరకు రైలెక్కేవారము, ఇప్పుడు చాలమంది సొంత కారులోనే పోతున్నారు. క్షేత్రమాహాత్మ్యము చెప్పేవారు ఎందరో ఉన్నారు గనుక, ఆ ఉప్పుగాలి కారును ఏమి చేస్తుందో మేము చెప్పబూనినాము.

పాంబన్ వద్ద 1914లో తెరచిన రైలువంతెన నూరేండ్లకు పైగా ఆ గాలితో పోరాడినది. ఓడలకు దారి ఇచ్చే భాగము తుప్పుతో బలహీనపడగా 2022 డిసెంబరులో రైళ్లు నిలిపినారు. ప్రక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైనది. దాని కాంక్రీటులో స్టెయిన్‌లెస్ ఉక్కు కడ్డీలు వేసి, ఇనుముకు పాలీసిలోక్సేన్ అనే రంగు పట్టించినారట. 1988 నాటి రోడ్డు వంతెన మీద కారు మెల్లగా పోనిచ్చి దానిని చూస్తూ ఉంటే మా బావగారు, "అంత వంతెనకే ఇంత కట్టుదిట్టమైతే మన రేకుడబ్బా గతి ఏమిటయ్యా?" అన్నారు. మాది పాత అంబాసిడరు. బావగారికి దానిపై మొదటినుంచీ చిన్నచూపే.

1964 డిసెంబరు తుపానులో నేలమట్టమైన ధనుష్కోడికి 2017 నుంచి చక్కని రోడ్డున్నది. మొండిగోడల చర్చిని దాటి అరిచల్‌మునై కొసకు పోయినాము. ఒక ప్రక్క నెమ్మదైన సముద్రము, మరొక ప్రక్క ఉరకలువేసే సముద్రము. అక్కడివారు వీటిని ఆడకడలి, మగకడలి అంటారు. మగకడలి తుంపర రోడ్డు దాకా వస్తుంది. అరగంటలో అద్దము మీద తెల్లని పొర కట్టినది. అద్దము మీదిది కంటికి కనబడుతుంది, తుడుస్తాము. కారు అడుగున పట్టినదానిని ఎవరు చూస్తారు?

ఇనుమునకు నీరూ గాలీ తగిలితే తుప్పు పుడుతుంది. ఉప్పు చేరితే ఆ పని త్వరపడుతుంది. పైగా ఉప్పు రాత్రివేళ గాలిలోని చెమ్మను తనవైపు లాగుకొంటుంది. అందుచేత కారు ఇంటికి వచ్చి, వాననీరు సోకని షెడ్డులో ఉన్నా లోలోపల తడిగానే ఉంటుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంగు పొక్కుతుంది. పొక్కు కనబడేనాటికి దాని చుట్టూ రంగు క్రింద ఇంకా కొంత తినివేసి ఉంటుంది.

కావున తిరుగుప్రయాణములోనే కారును మంచినీటితో కడగవలెను. రామేశ్వరమున మేము ఇరువదిరెండు తీర్థములు ఆడినాము. కారుకు ఒక్కటైనా వద్దా? అయితే ఆ ప్రాంతమున చాలచోట్ల బావినీరు ఉప్పన. కడిగే ముందు చుక్క నాలుకపై వేసి చూడవలెను. మేము పరమకుడి దాటిన తరువాత ఒక సర్వీసు షెడ్డులో చక్రాల గూళ్లు, అడుగుభాగము, తలుపుల దిగువ అంచులు పీడనపు గొట్టముతో కడిగించినాము. బయలుదేరగానే బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవలెను.

మధుర చేరి టింకరింగు మేస్త్రీకి చూపించినాము. మా చిన్నవాడు అతనితో తమిళము మాటాడుతూ నడుమ మన 'తుప్పు' మాట వాడినాడు. తమిళమున తుప్పు అంటే ఉమ్మివేయుమని. తుప్పును వారు 'తురు' అంటారు. మేస్త్రీ పోయి తాంబూలము ఉమ్మివచ్చి, "ఇక చెప్పు తమ్ముడూ" అన్నాడు!

అతడు స్క్రూడ్రైవరు మొనతో అడుగంతా పొడిచి చూచినాడు. రెండుచోట్ల రంగు క్రింద తుప్పు. లోగడ ఒక షెడ్డులో గీకకుండానే రంగు కొట్టి పంపినారు. జాకీ పెట్టే చోట మొన లోపలికే దిగినది. అక్కడ రంగు పనికిరాదు. చెడిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేయవలసినదే. అన్నిటికంటె మమ్ము కలవరపెట్టినది వెనుకచక్రము వైపు పోయే బ్రేకు గొట్టము. పొలుసులు లేచినది. దానిని గీకి రంగు వేసి ఊరుకొనుట ప్రాణముతో చెలగాటము. వెంటనే మార్పించినాము. మా అమ్మగారు కూర్చునే వాహనమది.

రేకు గట్టిగా ఉన్నచోట తీగబ్రష్షుతో, ఉప్పుకాగితముతో మెరిసే ఇనుము తేలేదాకా రుద్దినాడు. ఉప్పు చేసిన పనిని ఉప్పుకాగితమే దిద్దినది! గుంటలలో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లము కలిసిన మందు పూసి, డబ్బాపై చెప్పినంతసేపు ఉంచి, తరువాత ప్రైమరు, ఆపైన రంగు. ఎపాక్సీ ప్రైమరు రెడ్ ఆక్సైడుకంటె చెమ్మను బాగా ఆపుతుంది, ఖరీదూ ఎక్కువే. మేము ఎపాక్సీనే వేయించినాము.

పాత ఇంజను నూనె అడుగున పూస్తే చాలునని మా వీధిలో ఒకరు సలహా ఇచ్చినారు. అది రబ్బరు బుష్షులను పాడుచేస్తుంది, దుమ్మును పట్టుకొంటుంది, వానకు కారి నేలనూ చెరుపుతుంది. తుప్పుపైనే నల్లని దట్టపు పూత వేయించుట మరీ చెడ్డది. చెమ్మ లోపలే చిక్కిపోతుంది. తడికారుపై గుడ్డ కప్పుటా అంతే.

తలుపుల అడుగున నీరు దిగుటకు సన్నని రంధ్రములుంటవి. అవి పూడితే వాననీరు తలుపులోనే నిలుస్తుంది. మా అమ్మగారు చీపురుపుల్లతో నెలనెలా వాటిని పొడిచి చూస్తున్నారు. మొన్న చిటికెడు ధనుష్కోడి ఇసుక రాలినది.