పని లేని ప్రయాణం

మన ప్రయాణాలకు సాధారణంగా ఏదో ఒక కారణం ఉంటుంది. పెళ్ళి, జనాజా, ఆసుపత్రి, వ్యాపారం. ఏ పనీ లేకుండా, కేవలం ఒక మనిషిని చూసి రావడానికి ఊరు దాటే అలవాటు మన కుటుంబాలలో క్రమంగా సన్నగిల్లుతోంది. ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాము కదా అని సరిపెట్టుకుంటున్నాము.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. వేరే ఊరిలో ఉన్న తన సోదరుణ్ణి చూడటానికి ఒక వ్యక్తి బయలుదేరాడు. అల్లాహ్ అతని దారిలో ఒక దైవదూతను నిలిపాడు. ఆ సోదరుని వల్ల నీకు రావలసిన ప్రయోజనమేదైనా ఉందా అని దూత ప్రశ్నించాడు. అటువంటిదేమీ లేదని, అల్లాహ్ కోసమే అతన్ని ప్రేమిస్తున్నానని ఆ వ్యక్తి బదులిచ్చాడు. అప్పుడా దూత, అల్లాహ్ కూడా అతన్ని ప్రేమిస్తున్నాడన్న శుభవార్త వినిపించాడు. అవసరం లేని పలకరింపుకు ఇస్లాం ఇచ్చిన విలువ ఇది.

మొన్న శీతాకాలంలో మా దంపతులము గుంటూరు నుంచి జమ్మలమడుగు వెళ్ళడానికి ఈ హదీసే ప్రేరణ. అక్కడ మా హజ్ సహచరుడు ఉన్నారు. 2018లో మా రెండు కుటుంబాలు మక్కాలోని అజీజియాలో ఒకే వసతిలో బస చేశాయి. ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకున్నాము. హరమ్‌కు వెళ్ళేటప్పుడు, రద్దీలో తప్పిపోతే ఏ ద్వారం దగ్గర కలుసుకోవాలో ముందుగానే అనుకునేవాళ్ళము. దాదాపు 40 రోజులు కలసి గడిపినవారి ఓర్పు, కోపం, ఔదార్యం ఒకరికొకరు తెలియకుండా ఉండవు. ప్రయాణం మనిషిని పరిచయం చేసినంతగా పొరుగుతనం కూడా చేయదేమో.

ఆ సహచరుని భార్య నిరుడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అప్పటి నుంచి ఆయన ఇల్లు, మసీదు తప్ప మరో చోటికి కదలడం లేదని వారి అబ్బాయి చెప్పాడు.

మమ్మల్ని చూడగానే ఆయన సలాం చెప్పి, "ఈ వైపు ఏదైనా పని పడిందా, భాయి సాబ్?" అని అడిగారు. "పనేమీ లేదు. మిమ్మల్ని చూడాలనిపించింది, వచ్చాము" అన్నాము. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లోపలికి తిరిగి, "చాయ్ పెట్టమ్మా, మన హజ్ వాళ్ళు వచ్చారు" అని కోడలిని పిలిచారు.

మరునాడు ఉదయం ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాక, గండికోట చూపించమని కోరాము. "నాకిప్పుడు విహారాలెందుకు?" అని ఆయన వెనుకాడారు. మనవలు మాత్రం అప్పటికే చెప్పులు వేసుకున్నారు. చివరకు అందరమూ బయలుదేరాము.

గండికోట జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరం. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నా నది ప్రవహించే గండి వల్లనే కోటకు ఆ పేరు వచ్చింది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. ప్రాకారం లోపల జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం, మాధవరాయ ఆలయం నేటికీ నిలిచి ఉన్నాయి. ఏలినవారు వెళ్ళిపోయారు. సజ్దా చేసిన నుదుళ్ళూ మట్టిలో కలిసిపోయాయి. రాళ్ళు మిగిలాయి.

లోయ అంచున పరచుకున్న ఎర్రని బండలపై నడుస్తుంటే, ఆయన అలవాటుగా మా చేయి పట్టుకుని, "జాగ్రత్త, ఇక్కడ జారుతుంది" అన్నారు. తవాఫ్ రద్దీలోనూ ఆ చేయి అలాగే పట్టుకుంది. కాసేపటికి, ఎవరూ అడగకుండానే, భార్య గురించి మాట్లాడసాగారు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆమె ఉడికించిన చెనక్కాయలు మూట కట్టి తెచ్చేవారట. అంచు దగ్గరకు వెళ్ళే పిల్లలను క్షణానికోసారి లెక్కపెట్టేవారట. చెబుతూ చెబుతూ ఆయన నవ్వారు. ఇన్ని నెలల తరువాత తండ్రి ముఖంలో ఆ నవ్వు చూసి వారి అబ్బాయి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఒక చెట్టు నీడన ముసల్లాలు పరచి జుహ్ర్ నమాజు చేశాము. ఇమామత్ ఆయనదే. మేము ప్రయాణికులమైనా, స్థానిక ఇమాము వెనుక నిలబడినందున నాలుగు రకాతులూ పూర్తి చేశాము. తరువాత పిల్లలు పరుగుపందెం పెట్టుకున్నారు. తాతయ్యే న్యాయనిర్ణేత. గెలిచినవారికీ, ఓడినవారికీ ఆయన చెనక్కాయలు సమానంగా పంచారు.

ధార్మిక జీవితమంటే నవ్వూ ఆటా లేని జీవితమని కొందరు భావిస్తారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారు. ఇంట్లో భార్యాబిడ్డల మధ్య ఉన్నప్పుడు మనసు మారిపోతోందని హజ్రత్ హంజలా (ర) కలవరపడినప్పుడు, దానికీ ఒక సమయం, దీనికీ ఒక సమయం ఉంటుందని ఆయన బోధించారు. నమాజును మరువనివ్వని, హద్దులు దాటని వినోదం దుఃఖంలో ఉన్న హృదయానికి ఊపిరి పోస్తుంది.

ఆతిథ్యం మూడు రోజులన్నది ప్రవక్త (స) నేర్పిన మర్యాద. ఇంకొన్నాళ్ళు ఉండమని ఆయన పట్టుబట్టినా, మూడవనాడు సెలవు తీసుకున్నాము.

హజ్‌కో, ఉమ్రాకో వెళ్ళివచ్చిన ప్రతి ఇంట్లోనూ అటువంటి సహచరుల పేర్లు కొన్ని ఉంటాయి. వారిలో ఎవరు ఒంటరివారయ్యారో, ఎవరు మంచం పట్టారో తెలుసుకుందాము. వీలైతే ఒక్కసారి వారి గడప తొక్కుదాము. ఏం పని మీద వచ్చారని అడిగితే, ఏ పనీ లేదని చెప్పగలగడమే మనం తీసుకువెళ్ళే మంచి కానుక. అల్లాహ్ తన కోసం ఏర్పడిన స్నేహాలను కడదాకా నిలుపుగాక! ఆమీన్.